వంతెనల దారిన నలుగురితో నడక



"రోజూ నడవండి" అని డాక్టరు గారు చెప్పని షుగరు రోగి గానీ, బి.పి. రోగి గానీ ఉండరు. చీటీలో మందుల కింద ఆ మాట కూడా వ్రాసి ఉంటుంది. మందులు కొంటాము, వేసుకుంటాము. నడక మాత్రం మొదటి వారం ఉత్సాహంగా, రెండవ వారం బద్ధకంగా సాగి, మూడవ వారానికి ఆగిపోతుంది. ఎందుకని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఒక్కడినే ఏం నడుస్తానండీ, విసుగు!"

ఆ జవాబులో నిజం ఉంది. నలుగురు తోడు ఉండి, చూడడానికి ఏదైనా ఉంటే మనిషి తెలియకుండానే నడుస్తాడు. గోదావరి ఒడ్డున ఉన్నవారికి చూడడానికి వంతెనలు ఉన్నాయి. పాతవి ఉన్నాయి, కొత్తవి ఉన్నాయి. సంఘంలోని స్త్రీల సమాజము, యౌవనస్థులు, పదవీ విరమణ చేసిన పెద్దలు కలిసి వారానికి ఒకసారి వంతెనలు చూడడానికి నడిచి వెళితే ఎలా ఉంటుందో ఈ పాఠంలో చూద్దాము.

ఈ పాఠంలో నేర్చుకొనేవి:
1. నిదానపు నడక వల్ల కలిగే మేలు
2. రాజమహేంద్రవరం వంతెనలు, అవి మన శరీరం గురించి చెప్పే సంగతులు
3. షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు
4. తోటివారి మాట వినడం

నిదానంగా నడిస్తే లాభం ఉంటుందా?

ఉంటుంది. పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థ వేగంతో శరీర శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. అంత చేయలేనివారు కొంచెం చేసినా మేలేనని, అసలు చేయకపోవడం కంటే ఏ కొద్దిపాటి కదలిక అయినా మంచిదని అదే సూచనలలో ఉంది. ఒకేసారి ఇన్ని నిమిషాలు నడిస్తేనే లెక్క అనే పాత నియమం కూడా ఇప్పుడు లేదు. ఐదు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ ఐదు నిమిషాలు నడిచినా అది నడకే.

మధ్యస్థ వేగం అంటే ఏమిటో తెలుసుకోవడానికి గడియారం అవసరం లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అదే మధ్యస్థ వేగం. హాయిగా కీర్తన పాడుతూ నడవగలుగుతున్నామంటే అది నిదానపు నడక. మాట కూడా రాకుండా ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. మొదటి నెల పాట పాడుకుంటూ నడవండి. రెండవ నెలలో దారిలో కొంత దూరం, ఒక దీపస్తంభం నుండి ఇంకో దీపస్తంభం దాకా, కాస్త వేగం పెంచి మళ్లీ తగ్గించండి. తొందర లేదు.

నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. అందుకే భోజనం తరువాత కొద్దిసేపు నడిస్తే షుగరు ఎక్కువగా పెరగదు. పిక్కల కండరాలు బిగిసి వదిలినప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. అలవాటుగా నడిచేవారికి బి.పి. కొంత తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, మలబద్ధకం తగ్గుతుంది. ఇవన్నీ డబ్బు ఖర్చు లేని మేలులు. అయితే నడక మందులకు బదులు కాదు. నడుస్తున్నాము కదా అని మాత్రలు మానవద్దు.

ఏ వంతెనలు చూడాలి?

రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ దగ్గర నిలబడితే రెండు వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి పాతది, హేవలాక్ వంతెన. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. వాల్టన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు పరచి కట్టిన ఈ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయి. దాదాపు 97 సంవత్సరాలు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది.

దాని పక్కన తెల్లని విల్లుల వరుసలా కనిపించేది 1997లో పూర్తయిన ఆర్చి వంతెన. దీనికి 28 ఖానాలు. ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లు. లెక్క చూడండి: పాతదానికి 56, కొత్తదానికి 28, అంటే సరిగ్గా సగం. నదిలో స్తంభాలు సగానికి తగ్గినా భారీ రైళ్లు వెళ్తున్నాయి. కారణం ఆ విల్లు ఆకారమే. పైన వంగిన కాంక్రీటు కమాను బరువును రెండు చివరలకు తోస్తుంది. కింద అడ్డంగా ఉన్న దూలము వింటి నారిలాగా ఆ రెండు చివరలను పట్టి ఉంచుతుంది. రైలు పట్టాలు ఉన్న భాగం కమాను నుండి కిందికి వేలాడుతూ ఉంటుంది. పిల్లలకు ఇది చూపించి, చీపురుపుల్లను వంచి దారం కట్టి వివరించండి. వెంటనే అర్థమవుతుంది.

మూడవది రోడ్డు-రైలు వంతెన. 1974లో ప్రారంభమైంది. పైన రోడ్డు, కింద రైలు. ఇనుప కమ్మీలను త్రిభుజాలుగా బిగించి కట్టారు. త్రిభుజాన్ని ఎటు తోసినా ఆకారం మారదు, అందుకే ఇంజనీర్లు దాన్ని నమ్ముతారు. నాలుగవది 2015 గోదావరి పుష్కరాల సంవత్సరంలో తెరిచిన రోడ్డు వంతెన. ఇది పట్టణానికి ఎగువన, కాతేరు వైపు నుండి కొవ్వూరు వైపుకు పోతుంది.

దిగువన ధవళేశ్వరం ఉంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట అక్కడిదే. అంతకు ముందు 1832-33లో వచ్చిన డొక్కల కరవును, తుఫానులను చూసిన ప్రజలు ఆ నీటితో పంటలు పండించుకున్నారు. పాత ఆనకట్ట స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీకి కాటన్ గారి పేరే పెట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉన్న ఆ బ్యారేజీ మీద రోడ్డు కూడా ఉంది. ఆకలి తీరడం కూడా ఆరోగ్యమే అని అక్కడ నిలబడితే తెలుస్తుంది. దగ్గరలో కాటన్ మ్యూజియం ఉంది.

వేరే ఊళ్లలో ఉన్నవారు నిరాశపడవద్దు. విజయవాడవారికి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఉంది. హైదరాబాదువారికి మూసీ మీద 1578 నాటి పురానాపూల్ ఉంది, 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన ఉంది. ఏమీ లేని పల్లెలో కాలువ మీద చప్టా అయినా ఉంటుంది. దాన్ని ఎప్పుడు కట్టారో, అంతకు ముందు కాన్పు నొప్పులు వచ్చిన తల్లిని అవతలికి ఎలా దాటించేవారో ఊరి పెద్దలను అడగండి. అది వింటూ నడిస్తే దూరం తెలియదు.

వంతెన చెప్పే శరీర పాఠం

మొదటిది: చాలా వంతెనలలో గర్డరును స్తంభం మీద నేరుగా పెట్టరు. మధ్యలో బేరింగు ఉంచుతారు. ఎండకు ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ కదలికకు చోటు లేకపోతే పగుళ్లు వస్తాయి. మన మోకాలిలో రెండు ఎముకల మధ్య ఉండే మృదులాస్థి కూడా అలాంటిదే. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. మనం కదిలినప్పుడు అది నొక్కుకుని వదలడం వల్లనే చుట్టూ ఉన్న ద్రవం నుండి పోషణ పొందుతుంది. కనుక "మోకాళ్లు అరిగిపోయాయి, ఇక నడవకూడదు" అని మంచం పట్టడం మంచిది కాదు. కీళ్లవాతం ఉన్నవారికి కూడా తగినంత నడక, తొడ కండరాల వ్యాయామం నొప్పిని తగ్గిస్తాయి. కీలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం నడక ఆపి డాక్టరుకు చూపించాలి.

రెండవది: పాత వంతెన ఒక్కరోజులో పాతబడలేదు. ఏటేటా పరీక్షించి, రంగు వేసి, బోల్టులు బిగించారు కనుక అంతకాలం పనిచేసింది. రక్తనాళాలు కూడా అంతే. బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. "నాకేమీ లేదు" అనుకోకుండా పరీక్ష చేయించుకోవడమే మన రంగు, మన బోల్టు.

మూడవది: 28 ఖానాలలో ఏదీ మొత్తం నదిని ఒక్కటే దాటలేదు. ఒక్కొక్కటి తన వంతు దాటి పక్కదానికి అందిస్తుంది. నలుగురితో నడవడంలో ఉన్న బలం అదే.

నాలుగు శనివారాల ప్రణాళిక

మొదటి శనివారం: ఉదయం ఎండ రాకముందే పుష్కర ఘాట్ దగ్గర కలవండి. గట్టు మీద పది నిమిషాలు నడిచి, కూర్చుని పాత వంతెనను, ఆర్చి వంతెనను చూసి, మళ్లీ పది నిమిషాలు నడిచి తిరిగి రండి. అందరిలో నిదానంగా నడిచేవారి వేగమే గుంపు వేగం.

రెండవ శనివారం: కోటిలింగాల ఘాట్ వైపు వెళ్లి రోడ్డు-రైలు వంతెనను చూడండి. పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు.

మూడవ శనివారం: ఆటోలో గానీ బస్సులో గానీ ధవళేశ్వరం చేరి బ్యారేజీ దగ్గర నడిచి, మ్యూజియం చూడండి.

నాలుగవ శనివారం: కొవ్వూరు వైపుకు వెళ్లి అవే వంతెనలను అవతలి ఒడ్డు నుండి చూడండి. వంతెన మీద మరమ్మతులు ఉన్న రోజుల్లో వాహనాలను ఆపుతారు కనుక ముందురోజే కనుక్కోండి.

మిగిలిన రోజుల్లో ఎవరి వీధిలో వారు, ఇద్దరిద్దరుగా అయినా, నడవాలి. శనివారం నడక పండుగ లాంటిది. రోజూ తినే అన్నం ఇంటి దగ్గర నడకే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: రైలు పట్టాల మీదికి, మూసివేసిన పాత వంతెన మీదికి ఎక్కవద్దు. వాహనాలు తిరిగే వంతెన మీద గుంపుగా నడవవద్దు. ఒడ్డు నుండి చూడడమే మన పద్ధతి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయవద్దు. ఘాట్ల మెట్ల మీద పాచి ఉంటుంది. చివరి తడి మెట్ల దాకా దిగవద్దు. పెద్దవారిని రెక్క పట్టుకుని దింపండి.

బయలుదేరే ముందు

ఈ కింది వారు ముందుగా డాక్టరును అడిగి రావాలి: ఈమధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారు, కొద్దిగా నడిచినా ఛాతీ బరువెక్కేవారు, కాలికి పుండు ఉన్నవారు, షుగరు చాలా ఎక్కువగా గానీ తరచుగా తక్కువగా గానీ ఉండేవారు. జ్వరం ఉన్న రోజు ఎవరూ రావద్దు.

గుంపులో ఒకరిని పెద్దగా ఎన్నుకోండి. ఆ వ్యక్తి ప్రతి ఒక్కరినీ పలకరించి అడగాలి: "అత్తయ్యా, టిఫిన్ తిన్నారా? ఇన్సులిన్ వేసుకున్నారా? సంచిలో పంచదార ఉందా?" "మాస్టారూ, నిన్న కళ్లు తిరిగాయన్నారు, ఈ రోజు ఎలా ఉంది?" ఈ నాలుగు మాటలకు రెండు నిమిషాలు పట్టవచ్చు. ప్రాణం కాపాడవచ్చు.

సంచిలో ఉండవలసినవి: మంచినీళ్లు, పంచదార లేక గ్లూకోజు పొడి, ఓ.ఆర్.ఎస్. పొట్లం, వేసుకునే మందుల చీటీ, ఇంటివారి ఫోన్ నంబరు వ్రాసిన కాగితం. గుండె బలహీనత వల్ల నీళ్లు తగ్గించమని చెప్పినవారు తమ డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.

షుగరు ఉన్నవారి పాదాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా సంవత్సరాలుగా షుగరు ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ఘాట్ దగ్గర చెప్పులు విడిచి రాతి మెట్ల మీద నడవడం మనకు అలవాటు. వేసవిలో ఆ రాళ్లు పెనంలా కాలుతాయి. స్పర్శ లేని పాదానికి కాలిన సంగతి తెలియదు. సాయంత్రం బొబ్బ కనిపిస్తుంది. వారానికి పుండు అవుతుంది. నిర్లక్ష్యం చేస్తే వేలు, తరువాత పాదం పోయే ప్రమాదం ఉంది. కనుక షుగరు ఉన్నవారు ఎక్కడా వట్టికాళ్లతో నడవవద్దు. మడమకు పట్టీ ఉన్న మెత్తని చెప్పులు గానీ, నూలు మేజోళ్లతో బూట్లు గానీ వేసుకోండి. వేసుకునే ముందు లోపల రాయి ఉందేమో చేతితో తడమండి. ఇంటికి వచ్చాక పాదాల అడుగు భాగాన్ని, వేళ్ల సందులను చూసుకోండి. కనిపించకపోతే అద్దం పెట్టుకోండి, లేదా మనవడిని చూడమనండి. పుండు ఉంటే దాని మీద నడవవద్దు. నడక కన్నా ఆ పాదం ముఖ్యం.

దారిలో ఈ సూచనలు కనిపిస్తే

1. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమకగా మాట్లాడడం: షుగరు పడిపోయి ఉండవచ్చు. వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

2. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ వీపుకు గానీ పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం: గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు, వృద్ధులకు నొప్పి లేకుండా కేవలం ఆయాసం, నీరసం, చెమట రూపంలో కూడా రావచ్చు. "గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగితే పోతుంది" అని కాలం వృథా చేయవద్దు. నడిపించవద్దు. 108కి ఫోన్ చేయండి.

3. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం: పక్షవాతం. ఈ జబ్బులో ప్రతి నిమిషం విలువైనది. లక్షణం మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకుని, స్కానింగు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

4. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గడం: కాలికి రక్తం సరిగా అందడం లేదేమో. ఇది అప్పటికప్పుడు ప్రమాదం కాదు, కానీ ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. పొగ తాగేవారు వెంటనే మానాలి.

5. ఎండలో తలనొప్పి, వాంతి, తికమక, ఒళ్లు కాలిపోవడం: వడదెబ్బ. నీడకు తీసుకువెళ్లి తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటాక నడక పెట్టుకోవద్దు.

నడుస్తూ వినండి

ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పనివారు పక్కపక్కన నడుస్తున్నప్పుడు మాట్లాడతారు. భర్త పోయిన అమ్మగారు, పిల్లలు దూరదేశాల్లో ఉన్న తండ్రిగారు, అప్పుల బాధలో ఉన్న తమ్ముడు మన సంఘాలలో ఉన్నారు. వారికి శనివారం ఉదయం ఒక గంట తోడు దొరకడం చిన్న సంగతి కాదు. వారి మాటకు అడ్డు రావద్దు. వెంటనే సలహాలు ఇవ్వవద్దు. నడకలో విన్న మాటను ఇంకొకరి ఇంటికి మోయవద్దు. రెండు వారాలు ఎవరైనా కనిపించకపోతే వారి గుమ్మం దాకా వెళ్లి పిలవండి.

"ఇక బ్రతికి ఏం లాభం" అని ఎవరైనా అంటే నవ్వి తేలిక చేయవద్దు. "విశ్వాసి అలా అనకూడదు" అని గద్దించవద్దు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. వారిని ఒంటరిగా వదలకుండా ఇంటివారికి తెలిపి డాక్టరు దగ్గరకు తీసుకురండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. మనస్సుకు వచ్చే జబ్బు కూడా షుగరు లాంటి జబ్బే. దానికీ మందు ఉంది.

వాక్య ధ్యానం

లూకా సువార్త 24వ అధ్యాయంలో ఎమ్మాయు దారిని నడిచిన ఇద్దరు శిష్యుల సంగతి ఉంది. సుమారు 11 కిలోమీటర్ల దారి. వారు దుఃఖంతో నడుస్తుండగా ప్రభువు వారితో కలిసి నడిచాడు. మొదట ప్రశ్న అడిగి, వారి బాధంతా చెప్పనిచ్చి, ఆ తరువాతే మాట్లాడాడు. వారి వేగానికే ఆయన నడిచాడు. రోగిని పరామర్శించేవారికి, గుంపుకు పెద్దగా ఉండేవారికి ఇంతకంటే మంచి మాదిరి లేదు. ఆ భాగాన్ని నడకకు ముందు ఒకరు చదవండి.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘంలో డాక్టరు నడవమన్నా నడవనివారు ఎవరు? వారిని పిలవడానికి ఎవరు వెళతారు?
2. మీ గుంపులో ఇన్సులిన్ వాడేవారు ఎందరు? షుగరు పడిపోతే ఏమి చేయాలో అందరికీ తెలుసా? ఒకరు చేసి చూపించండి.
3. ఈ రోజు ఇంటికి వెళ్లగానే ఎవరి పాదాలు చూస్తారు?
4. మీ ఊరిలోని పాత వంతెన ఏది? దాని కథ తెలిసిన పెద్దవారు ఎవరు? వచ్చే శనివారం వారిని కూడా వెంట తీసుకువెళ్లగలరా?